టార్పాలిన్ కింద సెంచూరియన్

గొర్రెల తర్వాత నాకు బాగా తెలిసినవి ట్యాంకులు. ఈ మాట నలుగురిలో అంటే నవ్వుతారు. నవ్వనీ. మా మనవడు పుస్తకంలో బొమ్మ చూపించి "అవ్వా, గిదేంది చెప్పు" అని ఆట పట్టించబోతాడు. నేను కళ్లద్దాలు సర్దుకుని, "గొట్టం కొసకు అడ్డంగ టోపీ ఉన్నది సూడు, అమెరికాది, ప్యాటన్" అంటాను. వాడి మొహం చూడాలి అప్పుడు.

నేను పుట్టింది జడ్చర్ల పక్క ఊళ్లో. మాకు అక్కడ చిన్న పట్టాల రైలు ఉండేది. మెట్టినింటికి భువనగిరి దాపుకు వచ్చాకే పెద్ద పట్టాలు చూశాను. మా అత్తగారిల్లు గొర్రెల ఇల్లు. మామ మంద వెంట తిరిగేవాడు, మగ్గం మీద గొంగళ్లు నేసేవాడు. అత్త ఉన్ని వడికేది. ఇంట్లో ఉన్నది ఒక్కడే కొడుకు. అతను గొంగళ్లు అమ్ముకొస్తానని లష్కరు పోయి, అదే సికింద్రాబాదు, పట్టాళంలో పేరు రాయించుకుని వచ్చాడట. ఆ గొంగళ్లు అమ్మాడో, ఎవరికన్నా కప్పి వచ్చాడో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. అత్త మూడు పూటలు పొయ్యి ముట్టించలేదని చెప్పేవారు.

ఆ మనిషికే నన్నిచ్చారు. పెళ్లికి సెలవు మీద వచ్చాడు. కొత్త పెళ్లాంతో మొగుళ్లు ఏం మాట్లాడతారో నాకు తెలియదు గాని, నా మొగుడు ట్యాంకుల గురించి మాట్లాడాడు. పొద్దున మాట్లాడాడు, గొర్లు తోలుకుపోతూ మాట్లాడాడు, అన్నం ముందు కూర్చుని మాట్లాడాడు. మొదట నాకు ఒళ్లు మండింది. తర్వాత, ఎప్పుడు మొదలైందో గాని, నేనే అడగడం మొదలుపెట్టాను.

గొర్ల దొడ్డి పక్కన మెత్తటి మట్టి ఉండేది. అక్కడ పుల్లతో గీసి చూపించేవాడు. తనది సెంచూరియన్ ట్యాంకు, ఇంగ్లండులో చేసింది. పైన తిరిగే గుండ్రటి భాగాన్ని బురుజు అనేవాడు. మా భువనగిరి గుట్ట మీది కోటను చూసి పెరిగినవాడు మరి, ఇంకేమంటాడు! బురుజులో ముగ్గురు, ముందర నడిపేవాడొకడు. ఇతని పని లోడరు, అంటే ఫిరంగికి గుండు అందించడం.

"అందరు కాలుస్తరు, నడిపిస్తరు, హుకుం చేస్తరు. దానికి మేత పెట్టేది మాత్రం నేనే" అనేవాడు.

గొర్ల కాపరి ఎంత దూరం పోయినా కాపరే. ట్యాంకులను కూడా జాతులుగానే చెప్పేవాడు. ఫ్రాన్సు వాళ్ల ఏఎంఎక్స్ చిన్నది, చురుకైనది, ఫిరంగి ఎత్తాలంటే మెడ కాదు, తల మొత్తం ఎత్తుతుంది. అమెరికా వాళ్ల షెర్మన్ పాతకాలంది, నిలువెత్తుగా ఉంటుంది, ఎంత దూరం నుంచయినా దొరికిపోతుంది. రష్యా వాళ్లకు నీళ్లల్లో ఈదేది ఒకటుంది. ప్యాటన్ అన్నిట్లోకి కొత్తది, బురుజు బోర్లించిన గిన్నెలా నున్నగా ఉంటుంది, ఎటునుంచి గుండు తగిలినా జారిపోవాలని. మా సెంచూరియన్‌కు రెండు పక్కలా చక్రాలు కనపడకుండా ఇనుప పలకలు వేలాడతాయి.

"నీ లంగ కుచ్చిళ్ల లెక్కనే" అన్నాడు. నేను చేతిలో ఉన్న పిడికెడు మట్టి అతని మీద కొట్టాను.

ఇంత బరువు బండి ఉన్నచోటనే ఎట్లా తిరుగుతుందని అడిగాను. కల్లంలో వడ్లు తొక్కించడానికి ఎద్దులను వరసగా కట్టి బంతి తిప్పేటప్పుడు నడుమ గుంజ దగ్గరి ఎద్దు నిలబడ్డచోటనే అడుగులేస్తుంది, చివరి ఎద్దు ఉరుకుతుంది కదా, అట్లాగే చక్రాలకు చుట్టిన ఇనుప పట్టాను ఒక పక్క ఆపి, రెండో పక్క నడిపిస్తారని చెప్పాడు. నాకు అర్థమయింది. అర్థమయినందుకు నాకంటే అతనే ఎక్కువ సంబరపడ్డాడు. అతను వెళ్లిపోయాక ఒక రోజు నేను వాకిట్లో చుక్కలు పెట్టి సెంచూరియన్ ముగ్గు వేశాను. చక్రాలు బాగా కుదిరాయి. అత్త చెంబుతో బయటికి వచ్చి చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"లచ్మి రావాల్నని ఏస్తరే ముగ్గు. గీ బండిని జూస్తె లచ్మి ఊరవతల్నుంచే మర్రిపోతది" అంది. అనడమైతే అంది గాని చెరపలేదు. పైగా దాన్ని తొక్కకుండా చుట్టు తిరిగి పోయింది.

ఆ తర్వాతి సంవత్సరమే పాకిస్తానుతో యుద్ధం వచ్చింది. పంచాయతీ ఆఫీసు అరుగు మీద రేడియో పెట్టేవారు. ఊరు ఊరంతా అక్కడే. పాకిస్తాను వాళ్లవి ప్యాటన్‌లు కదా, ఆ మాట ముసలివాళ్ల నోళ్లలో కూడా నానింది. ఎవరికి కోపం వచ్చినా "ఏంరా, ప్యాటన్ లెక్క మీదికొస్తున్నవ్" అనడం మొదలుపెట్టారు. అందరూ ఊగిపోతుంటే నేను మాత్రం అరుగు కింద చలిజ్వరం వచ్చినదానిలా కూర్చునేదాన్ని. తెలియనివాళ్లకు భయం ఒకటే. నాకు దాని గిన్నె బురుజు తెలుసు, దాని గొట్టం పొడవు తెలుసు, మన సెంచూరియన్ బురుజు లోపల మేత పెట్టే మనిషి ఎక్కడ నిలబడతాడో కూడా తెలుసు. యుద్ధం ఆగాక ఒక కార్డు వచ్చింది, కులాసా అని. తర్వాత ఇంకొకటి, అదీ కులాసానే. సెలవు మాత్రం రాలేదు. కులాసా అన్న మాట ఎవరైనా రాస్తారు. చేతులు కాళ్లు ఉన్నాయో లేవో కళ్లారా చూస్తే గాని నాకు నమ్మకం లేదు, అత్తకు అసలే లేదు.

చలికాలం అది. ఒక మధ్యాహ్నం భువనగిరి స్టేషనుకు పాలు పోసే ఆయన సైకిలు మీద రొప్పుకుంటూ మా వాకిట్లోకి వచ్చాడు. ఖాళీ క్యాను గడగడలాడుతోంది.

"అక్కా, నీ కొడుకు వస్తుండు! ట్యాంకుల రైలుల వస్తుండు!" అని అత్తను చూసి కేకేశాడు.

జరిగింది ఇది. ట్యాంకులు ఎక్కించిన మిలిటరీ బండి కాజీపేటలో ఆగింది. మా ఇంటాయన అక్కడ సికింద్రాబాదు ప్యాసింజరు గార్డును బతిమిలాడి, తన ఊరు, తండ్రి పేరు చెప్పి, మా వాళ్లకు కబురందించమన్నాడు. ఆ ప్యాసింజరు ముందు వచ్చింది. గార్డు భువనగిరి స్టేషనులో చాయ్ పోసే ఆయనకు చెప్పాడు, చాయ్ ఆయన పాలాయనకు చెప్పాడు. ఒక ముక్క కూడా కింద పడకుండా కబురు మా ఇంటికి చేరింది. కాని కబురులో రెండు సంగతులు లేవు. అతను ఏ డబ్బాలో ఉన్నాడో లేదు, బండి ఎంతసేపు ఆగుతుందో లేదు.

"ఒకటే లైను గదా. ఎదురుంగ వచ్చే బండి దాటిందాక ఆగుతది. అది వచ్చిందంటే ఇది ఎల్లిపోతది. ఉరుకుండ్రి!" అన్నాడు పాలాయన.

ఉరికాం. అత్త పొద్దుటి జొన్న రొట్టెలు, ఎల్లిపాయ కారం మూట కట్టి నా చేతిలో పెట్టింది. తను పసుపు కుంకుమ భరిణె పట్టుకుంది. మామ మందతో పట్టాల పక్కనే ఉన్నాడు. జీవాలను వదిలి రాలేడు గనుక వాటినీ తోలుకునే బయల్దేరాడు. ముందు నేను, వెనక అత్త, దూరంగా దుమ్ములో మంద. నా గుండె నాకంటే ముందే ఉరుకుతోంది. అంత సంతోషం, అంత గాబరా కలిపి ఒక్కసారిగా నాకు మళ్లీ ఎన్నడూ రాలేదు.

మేం పోయేసరికి బండి వచ్చి నిలబడే ఉంది. ఎంత పొడుగు బండి! ఒక కొస ప్లాట్‌ఫారం మీదుంటే ఇంకో కొస సిగ్నలు అవతల ఉంది. గోడలు లేని పెట్టెల మీద ఒక్కొక్క ట్యాంకు, ఒక్కొక్క దాని మీద టార్పాలిన్ కప్పి తాళ్లతో బిగించారు. అప్పటికే సగం భువనగిరి అక్కడ ఉంది. బడి పిల్లలు జై కొడుతున్నారు, ఆడవాళ్లు హారతి పళ్లేలు పట్టుకొచ్చారు. దగ్గరికి పోవద్దని సిపాయిలు అడ్డం నిలబడ్డారు గాని వాళ్ల మొహాలు నవ్వుతున్నాయి. అడ్డం పెట్టిన చేతుల కిందినుంచే జనం దూరిపోతున్నారు.

ప్లాట్‌ఫారం దగ్గర ఒకే ఒక్క ట్యాంకుకు టార్పాలిన్ లేదు. జనమంతా దాని మీదే పడ్డారు. దండలు వేస్తున్నారు, కొబ్బరికాయలు కొడుతున్నారు. అత్త కూడా జనాన్ని తోసుకుంటూ పోయి దానికి నిండుగా పసుపు రాసి, ఇంత బొట్టు పెట్టి, రెండు చేతులా మెటికలు విరిచి దిష్టి తీస్తోంది. నేను తలెత్తి చూశాను. బోర్లించిన గిన్నె. గొట్టం కొసకు అడ్డం టోపీ.

"అత్తా! అది మనది గాదు! ప్యాటనది! పట్టుకొచ్చిండ్రు దాన్ని!" అని అరిచాను.

అత్త చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఇంకో బొట్టు పెట్టింది.

"ఎవ్వలదైతేందే? తప్పిపోయిన జీవం మన మందల కలిస్తె దానికి ఉప్పు పెట్టమా? ఇప్పుడు మన కాడున్నది గదా!" అంది. అలా అని, దాని పట్టా మీద చెయ్యి వేసి, "దీంట్ల ఉన్నోళ్లు ఎవలి పిల్లలో, ఏమైండ్రో" అని అక్కడే నిలబడిపోయింది.

నాకు నిలబడే ఓపిక లేదు. ఇతను ఉండేది సెంచూరియన్‌లో. అవి ఎక్కడున్నాయో పట్టుకోవాలి. టార్పాలిన్లు నడుం దాకే ఉన్నాయి, కింద చక్రాలు కనపడుతున్నాయి. చక్రాలు కనపడకుండా కుచ్చిళ్ల పలకలు వేలాడేదే మనది అనుకుంటూ బండి పక్కన కంకర మీద ఉరికాను. ఒక పెట్టె దాటాను, ఇంకొకటి దాటాను. ఎక్కడ చూసినా చక్రాలే. ఒక్కదానికీ పలకలు లేవు. చివరి దాకా చూపు పారించాను, లేవు. అతని ట్యాంకు ఈ బండిలో లేదా? ఉన్నవి ఇవేనా? అతనిది కాలిపోయిందా?

తర్వాత తెలిసింది, వెడల్పు ఎక్కువై దారిలో తగులుతాయని ఆ పలకలు ఊడదీసి పెట్టె మీద పేర్చారట. ఆ ముక్క దొడ్డి పక్కన మట్టిలో గీసినప్పుడు చెప్పలేదు మహానుభావుడు!

వెనక్కి తిరిగి వచ్చి మళ్లీ మొదటినుంచి చూశాను. కుచ్చిళ్లు లేకపోతే పోనీ, గొట్టం ఉంది కదా. అన్నిటి గొట్టాలూ టార్పాలిన్‌లోంచి బయటికి వచ్చి, వెనక్కి తిప్పి కట్టేసి ఉన్నాయి. ప్యాటన్‌కు గొట్టం మీద ఉబ్బు కొస దగ్గర ఉంటుంది. సెంచూరియన్‌కు నడిమధ్యన ఉంటుంది, ముద్ద మింగుతుంటే గొంతులో అడ్డం పడ్డట్టు. గుండు పేలాక పొగ లోపలికి రాకుండా అక్కడ ఆగుతుందని చెప్పాడు. చూసుకుంటూ పోయాను. దీని గొట్టం పొట్టిగా, ఒళ్లు నిలువెత్తుగా ఉంది, షెర్మన్. ఇదీ షెర్మనే. ఆ తర్వాతిది... గొట్టం నడిమధ్యన ఉబ్బు! దాని తర్వాత ఇంకొకటి, ఇంకొకటి, వరసగా అన్నీ అవే. నేను అక్కడ కంకర మీద గంతులేశాను. పెళ్లయిన ఆడది, తల మీద కొంగు ఎటు పోయిందో తెలియకుండా గంతులేసింది.

ఒక పెట్టె మీద గడ్డం, పెద్ద తలపాగా ఉన్న సర్దారు స్టవ్వు మీద చాయ్ మరగబెడుతున్నాడు. నా గంతులు చూసి చెంచా పట్టుకున్న చెయ్యి అట్లాగే ఉంచాడు.

నేను వేలు చూపించి "సెంచూరియన్!" అన్నాను.

సర్దారు కళ్లు గోళీలంతయ్యాయి. "హా, సెంచూరియన్!" అన్నాడు.

"లోడర్! లోడర్!" అన్నాను, గుండు ఎత్తి లోపలికి తోసినట్టు చేతులు చూపిస్తూ.

అతను పకపకా నవ్వాడు. పక్క పెట్టెల మీదివాళ్లను కూడా పిలిచి నన్ను చూపించాడు. నా గుండెల మీద చెయ్యి పెట్టుకుని "మేరా ఆద్మీ" అన్నాను, నా మనిషి అని. మా వైపు ఆ మాత్రం ఉర్దూ అందరికీ వస్తుంది. సర్దారుకు అర్థమయింది. నవ్వు ఆపి, వంగి, చాలా మర్యాదగా అడిగాడు.

"నామ్ క్యా హై?"

పేరు తప్ప ఇంకేదడిగినా చెప్పేదాన్ని.

మా రోజుల్లో మొగుడి పేరు నోటితో అనేది లేదు. అంటే అతని ఆయుష్షు తరుగుతుందని పెద్దవాళ్లు చెప్పేవారు. జనాభా లెక్కల వాళ్లు వస్తే పక్కింటామెను పిలిచి చెప్పించేవాళ్లం. నాకు ఫిరంగి గొట్టంలో ఉబ్బు ఎందుకుంటుందో తెలుసు. అతని పేరు కూడా తెలుసు. చెప్పడం మాత్రం తెలియదు. "మా అత్త కొడుకు" అన్నాను. సర్దారుకు తెలుగు రాదు. "బోనగిరి, బోనగిరి" అన్నాను, ఈ ఊరివాడని. అతను గుట్ట వైపు చూసి, నిజమే అన్నట్టు తల ఊపాడు. వెనక్కి తిరిగి చూశాను, ఎవరైనా మా ఊరివాళ్లు ఉంటే వాళ్లతో చెప్పిద్దామని. అత్త ఎక్కడో ప్యాటన్ దగ్గర ఉంది. మామ కంచె అవతల మంద మధ్యన నిలబడి మెడ చాపి చూస్తున్నాడు, అంత దూరం నా గొంతు పోదు.

అప్పుడే హైదరాబాదు వైపునుంచి కూత వినపడింది. ఎదురుబండి వస్తోంది. నేల అదిరింది. ఆ బండి పక్క లైను మీద మమ్మల్ని దాటుకుంటూ పోయింది. దాని చివరి డబ్బా కూడా పోయింది. సిగ్నలు రెక్క మా బండికి దారిస్తూ కిందికి పడింది. సర్దారు స్టవ్వు ఆర్పేశాడు.

ఇంకేముంది? ఆయుష్షు సంగతి దేవుడు చూసుకుంటాడనుకున్నాను. ఇంత యుద్ధంలో తరగని ఆయుష్షు నా నోటికి తరుగుతుందా? కళ్లు మూసుకుని, రెండు పిడికిళ్లు బిగించి, గొంతు చించుకుని అతని పేరు అరిచాను.

ఆ పేరు ఇక్కడ రాయను. అరిచింది చాలు.

సర్దారు దాన్ని అందుకున్నాడు. చేతులు నోటి దగ్గర పెట్టుకుని తన పంజాబీ గొంతుతో బండి వెనక్కి కేకేశాడు. తర్వాతి పెట్టె మీద ఎవరో అందుకున్నారు, ఆ తర్వాత ఇంకొకరు. ఒకడు నడుమ అక్షరం మింగేశాడు, ఒకడు చివర సాగదీశాడు, ఒకడు ఏకంగా వేరే మనిషిని చేసేశాడు. నేను పెదవి దాటనివ్వని పేరు బండి పొడవునా ఈ కొస నుంచి ఆ కొస దాకా పోయింది. స్టేషను జనమంతా ఇటు తిరిగి చూశారు. సిగ్గుతో నా చెవులు కాలిపోతున్నాయి, సంతోషంతో నవ్వొస్తోంది.

ఇంజను కూతేసింది. అప్పుడు సర్దారు పక్క పెట్టె మీదే, నాకు బారెడు దూరంలో, టార్పాలిన్ కొస లేచింది. లోపలినుంచి ఒక తల బయటికి వచ్చింది. కనుబొమ్మల్లో ఒకటి సగం కాలిపోయింది, మొహమంతా నూనె, పళ్లన్నీ బయట పెట్టి నవ్వుతోంది. వెనకే రెండు చేతులు వచ్చాయి. పెట్టె అంచు మీదికి రెండు కాళ్లూ వచ్చాయి. నేను వాటిని ఒకటొకటి చూసుకున్నాను.

"ఇందాకటి సంది గీడనే ఉన్నవా?" అన్నాను.

"ఆఁ. పండుకున్న. నువ్వు పిలిస్తెనే లేచిన."

"నేను పిలిస్తె లేస్తివి! మరి బయటికెందుకు రాకపోతివి?"

అతను తల గోక్కున్నాడు. "మల్లోపారి పిలుస్తవేమోనని" అన్నాడు.

బండి కదలబోతోంది, ఇంత యుద్ధం దాటి వచ్చాడు, ఈ మనిషి టార్పాలిన్ కింద పండుకుని ఇంకోసారి పిలుస్తానేమోనని చెవులు రిక్కించి వింటున్నాడు! నా చేతిలో ఉన్న రొట్టెల మూట గురి చూసి కొట్టాను. గుండ్లు అందించి అలవాటైన చెయ్యి, టక్కున పట్టుకున్నాడు. సర్దారు చప్పట్లు కొట్టాడు.

అత్త అప్పటికి కొంగు నోట్లో కుక్కుకుని ఉరుకుతూ వచ్చింది. అతను పెట్టె అంచు మీద బోర్లా పడుకుని చెయ్యి కిందికి చాపాడు. అత్త ఆ వేళ్లు పట్టుకుని బండి కదిలే దాకా, కదిలాక కూడా కొంత దూరం పక్కనే నడిచింది. కంచె అవతల మామ గొంగడి తీసి గాల్లో తిప్పుతున్నాడు. జీవాలన్నీ బెదిరి ఒకటే అరుపు. చక్రాలు జోరందుకున్నాయి, అత్త చెయ్యి జారిపోయింది.

అతను లేచి నిలబడ్డాడు. ఒక చేత్తో గొట్టం నడుమ ఉబ్బును పట్టుకుని, రెండో చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని నా వైపు చూశాడు. ఏం అడుగుతున్నాడో నాకు తెలుసు. అత్త నా పక్కనే ఉంది. ఊరి ఆడవాళ్లు కూడా అప్పటికే చేరుకుని నోటి మీద చెయ్యి వేసుకుని నన్నే చూస్తున్నారు. అయినా పిలిచాను. కాని ఏడుపు అడ్డమొచ్చి సగమే బయటికి వచ్చింది.

అత్త నా వైపు తిరిగింది. ఇక అయిపోయాను అనుకున్నాను.

"జర గట్టిగ పిలువే" అంది. "పోరనికి ఇనవడ్తలేదు."